గుండయ్య చెయ్యి

శివయ్య చెంబును గోనె తెర కిందుగా లోపలికి నెట్టాడు. అది పూర్తిగా లోపలికి వచ్చేదాకా చంద్రమ్మ చెయ్యి చాపలేదు. తొందరపడి చాపితే గాజుల్లేని మణికట్టు బయటివాళ్ళ కంట పడుతుంది. చెంబు అడుగు తెర దాటింది. బయట శివయ్య గొంతు సవరించుకున్నాడు. అప్పుడు దాన్ని దగ్గరికి లాక్కుంది.

చెంబు మెడ కింద శివయ్య సుద్దముక్కతో రాసిన పేరుంది. అది ఎవరి పేరో చంద్రమ్మకు తెలియదు. అక్షరాలు ఆమెకు గీతలు, వంపులు, సున్నాలు, అంతే. చెంబును ఇసుక మూట మీద ఒరిగించి, మోకాలితో అదిమిపట్టి, సన్న ఉలిని సుద్దగీత మీద ఆనించి చిన్న సుత్తెతో కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకు ఆవగింజంత గుంట, గుంట పక్కన గుంట. ఇత్తడి మాట వింటుంది. స్టీలైతే ఉలి జారిపోతుంది, దానితో పోట్లాడాలి. ఇప్పుడు వచ్చేవి చాలావరకు స్టీలువే. పెళ్ళి బిందెలు, చెంబులు మాత్రం ఇంకా ఇత్తడివి కొంటున్నారు.

"గుండయ్య కొడుతుండు, జర కూసోండ్రమ్మా," అంటున్నాడు బయట శివయ్య. "ఆయన చెయ్యి పడ్డంక ఆ పేరు మీ మనుమల దాక చెరగదు."

గుండయ్య పోయి ఆరేళ్ళయింది. బాలకిషన్ సేటు గిన్నెల దుకాణం ముందున్న ఈ రాతి అరుగు మీద గుండయ్య తండ్రి కూర్చున్నాడు, తరవాత గుండయ్య కూర్చున్నాడు. ఆయన పోయాక ఉలీ సుత్తే చంద్రమ్మ చేతికి వచ్చాయి. వాటితోపాటే ఈ గోనె తెర కూడా వచ్చింది. పెళ్ళి గిన్నెల మీద విధవ చెయ్యి పడిందంటే కొన్నవాళ్ళు ఊరుకుంటారా? అందుకని సేటూ, దుకాణంలో గుమాస్తా శివయ్యా కలిసి ఆలోచించి అరుగుకు ఒక మూలగా రెండు గోనె సంచులు కుట్టి వేలాడదీశారు. తెర వెనక గుండయ్య బతికే ఉన్నాడు. గొంతులో గడ్డలా కాయ లేచింది కాబట్టి మాట్లాడడు, అది గిరాకీకి చెప్పే మాట. గిరాకీ ఏదైనా అడిగితే ఉలిమీద రెండు దెబ్బలు కొడితే అవునని, ఒక దెబ్బ కొడితే కాదని.

గల్లీలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎదురుగా గిన్నెలకు కలాయి పోసే మస్తాన్ భాయికి తెలుసు, పక్కన తాళ్ళ దుకాణం వాళ్ళకు తెలుసు. గిరాకీకే తెలియదు. పెళ్ళి గిన్నెలకు వచ్చేవాళ్ళు ఏళ్ళకోసారి వస్తారు, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒక్క చెడ్డమాట పుడితే గల్లీ మొత్తానికి దెబ్బ. అసలే మొన్నటి కర్ఫ్యూల నుంచి జనం కోఠి, ఆబిడ్స్ మరిగారు.

"గుండయ్యా! ఉన్నవార?"

ఆ గొంతు విని చంద్రమ్మ సుత్తె ఆపింది. పురానాపూల్ సుందరమ్మ. రెండు కళ్ళకూ పొరలొచ్చిన ముసలామె, గోడలు తడుముకుంటూ వచ్చి తెర పక్కన చతికిలబడుతుంది. ఆమెకు తెర ఉన్నా లేకున్నా ఒకటే.

రెండు దెబ్బలు కొట్టింది చంద్రమ్మ.

"ఇంక కాయ తగ్గలేదా నీకు? పోనీ తియ్యి, నీ పెండ్లానికి నిమ్మళం. మొగడు నోరిప్పకుంటె ఆడిదానికి సగం పండుగ." తన మాటకు తనే నవ్వింది. "చంద్రమ్మ బాగున్నదా?"

చంద్రమ్మ పెదవి బిగించి రెండు దెబ్బలు కొట్టింది.

"మంచిగుండాలె. ఇగో, నా మనుమరాలికి పెండ్లి మాటలు నడుస్తున్నయ్. ఖాయమైతె బిందె ఈడనే కొంట. నా చెంబు మీద మీ నాయిన కొట్టిండు, నా బిడ్డ బిందె మీద నువ్వు కొట్టినవ్. దీని మీద గూడ నువ్వే కొట్టాలె. అప్పటిదాక సావకు."

రెండు దెబ్బలు. శివయ్య అటు తిరిగి గిన్నెలు సర్దుకున్నాడు. సుందరమ్మ కర్ర పుచ్చుకుని లేచి, దారి తడుముకుంటూ, తెర వైపు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. పాతబస్తీని బాగుచేయడానికి సర్కారు కొత్తగా పెట్టిన ఆఫీసు వాళ్ళట. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ప్రతి దుకాణం ముందూ అరుగు మీద ఎర్రగీత గీసుకుంటూ పోయారు. గీతకు ఇవతల, గల్లీ వైపు ఉన్నదంతా పోతుంది. చంద్రమ్మ తెర, ఇసుక మూట, కూర్చునే చోటు అన్నీ ఇవతలే ఉన్నాయి. రంగు తడి ఆరకముందే ఆమె మోకాలు తగిలి చీర మీద ఎర్రని మరక పడింది. ఉప్పుగూడ ఇంటికి వెళ్ళి కిరసనాయిలు పెట్టి రుద్దినా అది పోలేదు.

*

మర్నాడు గల్లీ అంతా అదే లొల్లి.

"నా భట్టి మీద గూడ లాల్ లకీర్ గీసిన్రు," అన్నాడు మస్తాన్ భాయి, తోలుతిత్తి తొక్కుతూ. "పొగొస్తదట. మా అబ్బాజాన్ జమానా నుంచి ఈడ పొగ గాకుంట ఏమొచ్చింది, అత్తర్ వాసనొచ్చిందా? జల్‌పల్లిల ప్లాటిస్తం పో అంటున్నరు. ఆడికి ఎవడొస్తడు గిన్నె పట్టుకొని, నక్కలొస్తయా?"

"అన్ని దుకాణాలకు ఒక్కతీరు పచ్చ రంగట. బోర్డులన్ని ఒక్క సైజట," అన్నాడు శివయ్య. "గల్లీ మొగదాల కమాను కడ్తరట. నవాబుల కాలం లెక్క జేస్తరట."

"నవాబుల కాలంల మేం లేమా? మమ్మల్ని తీసేసి మా కాలం ఎట్ల తెస్తరు భాయ్?"

తెర లోపల చంద్రమ్మ వింటూ స్టీలు డబ్బా మీద పేరు కొడుతోంది. ఉలి రెండుసార్లు జారింది. అరుగు పోతే ఎక్కడ కూర్చోవాలి? దుకాణం లోపల మనిషి అడ్డంగా తిరగడానికి చోటు లేదు, కొనేవాళ్ళంతా అక్కడే నిలబడతారు. వెనక గోదాములో పైకప్పు దాకా గంగాళాలు. ఇంకొక దుకాణం అరుగు అడగడానికి ఏ దుకాణానికీ అరుగు మిగలదు. ఈ పని తప్ప మరో పని ఆమె చేతికి రాదు. ఈ చోటు తప్ప ఈ పనికి మరో చోటు లేదు.

"ఇక్కడేంటి, లోపల ఎవరండీ?" అని బయట కొత్త గొంతు.

"ఎవ్వల్లేరు సార్, సామాన్లు," అన్నాడు శివయ్య గబగబా.

"సామాన్లు చప్పుడు చేస్తాయా?"

తెర పక్కకు లేచింది. వెలుతురు ఒక్కసారిగా ముఖాన పడి చంద్రమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి ఎదురుగా తెల్లచొక్కా, కళ్ళజోడు పెట్టుకున్న మనిషి చేతిలో టేపు పట్టుకుని వంగి చూస్తున్నాడు. ఆమె కొంగు ముందుకు లాక్కుని, చేతులు ఒళ్ళో దాచుకుంది. దాచుకోవడంతో డబ్బా ఇసుక మూట మీంచి దొర్లి అతని బూటు దగ్గర ఆగింది.

అతను దాన్ని తీసి వెలుతురుకు తిప్పి చూశాడు. వేలితో గుంటలు తడిమాడు. "అరే, మీరా కొడుతున్నది? చప్పుడు విని ఏ గడియారాలు బాగుచేసే ఆయనో అనుకున్నానండీ. ఎంత సమంగా ఉన్నాయి! ముత్యాలు పేర్చినట్టుంది." పంట్లాం మాస్తుందని కూడా చూడకుండా అరుగు మీద కూర్చున్నాడు. "నా పేరు కృష్ణప్రసాద్ అమ్మా. ఈ బజారు పని నేనే చూస్తున్నాను. కొట్టండి, కొట్టండి. చూస్తాను."

చంద్రమ్మ శివయ్య వైపు చూసింది. శివయ్య నేలవైపు చూస్తున్నాడు. ఆమె డబ్బా తీసుకుని ఒక సున్నా చుట్టింది. తన చేతుల వైపు ఒక మనిషి ఇంత సేపు చూడటం ఆమె ఎరగదు. సున్నా గుండ్రంగానే వచ్చింది, అది ఆమెకే ఆశ్చర్యమనిపించింది.

"ఇలాంటివాళ్ళను గోనెపట్టాల వెనక దాస్తారటయ్యా?" అన్నాడు కృష్ణప్రసాద్ శివయ్యతో, కోపం లేకుండా. "గోడలకు రంగులేస్తే బజారు బతకదు. పని చేసే చేతులు నలుగురికీ కనపడాలి. అప్పుడే జనం మళ్ళీ వస్తారు. కొత్త కమాను కింద పనివాళ్ళ కోసం చెక్క బంకులు కట్టిస్తున్నాం. ముందు భాగమంతా తెరిచే ఉంటుంది, పైన లైటు. మొదటి బంకు ఈవిడకే." ఆమె వైపు తిరిగాడు. "మీ పేరేంటమ్మా?"

ఈ అరుగు మీద ఆరేళ్ళుగా ఆమెను ఎవరూ అడగని మాట అది. రెండు దెబ్బలూ ఒక దెబ్బా జవాబు కాని మాట.

"చంద్రమ్మ," అంది.

*

"నువ్వు గా పేరు చెప్పకుండ ఉండాల్సుండె," అన్నాడు బాలకిషన్ సేటు. దుకాణం కట్టేసే వేళ, గల్లా పెట్టె ముందు కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. మంచివాడే. పండక్కి చీర పెట్టేవాడు, గుండయ్య జబ్బు పడ్డప్పుడు రిక్షా మాట్లాడి దవాఖానాకు తీసుకెళ్ళినవాడు. "సార్‌కేం తెలుస్తది? వాళ్ళు కోస్తా నుంచి వచ్చినోళ్ళు, ఆఫీసోళ్ళు. నలుగురు జూడాలె అంటడు. నలుగురు జూస్తె ఏమైతదో మనకెరుక."

"అరుగు ఎట్లైన పోతున్నది గద సేట్," అంది చంద్రమ్మ, గడప బయట నిలబడే.

"పోతున్నది. నేనేం జెయ్యగల్గుత? దుకాణం మొగం సగం కోస్తున్నరు నాది."

"మరి నేనేడ కూసోవాలె?"

సేటు ఆకు నోట్లో పెట్టుకున్నాడు. నమిలి నోరు తుడుచుకున్నాడు. "ఒక పని జెయ్యి. బంకుల కూసో. చేతులకు నాలుగు గాజులేసుకో, నొసట బొట్టు పెట్టుకో. ఎవడొచ్చి ఉప్పుగూడల మీ ఇల్లు ఎతుకుతడు?"

చంద్రమ్మ గడప నుంచి పక్కకు జరిగింది. శివయ్య తలుపు పలకలు ఒక్కొక్కటే తెచ్చి గాడిలో దింపుతున్నాడు. చివరి పలక దింపాక ఆమెతో గల్లీ మొగదాకా నడిచి వచ్చాడు.

"సేటు చెప్పింది జెయ్యి చెల్లె. ఇన్నొద్దులు అబద్ధంతోనే గద నడిచింది."

"అది నీ నోటి అబద్ధం అన్నా. నేను ఎన్నడు నోరు తెరవలే. బొట్టు పెట్టుకుంటె గది నా మొకం మీది అబద్ధం." రెండడుగులు నడిచి మళ్ళీ అంది. "ఆయన పోయిన దినం పది మందిల నా బొట్టు తుడిచిన్రు. మల్ల ఎవలకోసం పెట్టుకోవాలె, గిన్నెలు కొనేటోళ్ళ కోసమా?"

"మరి ఎట్ల?"

"ఏమో. కాలం మారింది గదా. ఆ సార్ నా ముంగట కూసొని చూసిండు. ఛీ అనలే, థూ అనలే. అందరు గట్లనే ఉంటరేమో."

శివయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అందరు గట్లుంటె నీకు గోనెపట్ట ఎందుకు కట్టినం?"

అరుగులు కొట్టేసిన రోజు గల్లీ నిండా తెల్లటి దుమ్ము లేచింది. గునపం పడ్డచోటల్లా రాయి పెచ్చులుగా లేచింది. చంద్రమ్మ కూర్చున్న చోట రాయి నున్నగా అరిగి, మధ్యలో చిన్న పల్లం ఉంది. మామ, మొగుడు, తను కూర్చుని చేసిన పల్లం. కూలివాడు గునపం మొన సరిగ్గా ఆ పల్లంలో పెట్టాడు, అక్కడైతే జారదని. మస్తాన్ భాయి తోలుతిత్తి, పట్టకార్లు తోపుడుబండి మీద వేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆమె దగ్గర ఆగాడు. "నీకు బంకైన దొరికింది అమ్మా. ఖుదా చల్లగ జూస్తడు," అన్నాడు. ఇక ఈ బజారు ముఖం చూడను అన్నట్టు ముఖం తిప్పుకుని బండి నెట్టాడు.

గోనె తెరను చంద్రమ్మ దులిపి, మడిచి, చంకలో పెట్టుకుంది.

*

బజారు తెరిచిన రోజు బ్యాండు వచ్చింది, బంతిపూల తోరణాలు వచ్చాయి, మంత్రిగారు వచ్చి కమానుకు కట్టిన రిబ్బను కత్తిరించి వెళ్ళారు. పచ్చ రంగు తలుపులు తళతళలాడుతున్నాయి. మొదటి బంకులో చంద్రమ్మ తెల్లవారగానే వచ్చి కూర్చుంది. కొత్త చెక్క వాసన. వెనక వైపు పలకల గోడ, ముందు వైపు ఏమీ లేదు. పైన చెక్క మీద పెద్ద అక్షరాలతో ఆమె పేరు రాయించాడు కృష్ణప్రసాద్. ఆ అక్షరాలు ఎక్కడెక్కడ వంపు తిరిగాయో చూసుకుంది. కొట్టడానికి కష్టమైన పేరేమీ కాదు. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు. ఇసుక మూట కొత్త ఇసుకతో నింపుకుంది.

శివయ్య దుకాణంలో నుంచి ఒక్క గిన్నె కూడా తేలేదు. గిరాకీ లేక కాదు. చాలా రోజుల తరవాత దుకాణం నిండా జనం ఉన్నారు. వచ్చినవాళ్ళు బంకు ముందు ఆగుతున్నారు, పైన బోర్డు చదువుతున్నారు, కిందికి చూస్తున్నారు. చూపు నుదుటి మీద ఆగుతుంది, అక్కణ్ణుంచి మణికట్ల మీదికి జారుతుంది. తరవాత నడిచి వెళ్ళిపోతున్నారు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు కృష్ణప్రసాద్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అతని చేతుల్లో సేటు దుకాణంలో కొన్న ఇత్తడి బిందె.

"ఈవిడేనోయ్ నేను చెప్పిన చంద్రమ్మగారు. మా ఆవిడమ్మా, హైమవతి. మా పెద్దమ్మాయి రాధకు వచ్చే నెల పెళ్ళి. బిందె మీద రాధ పేరు మీరే కొట్టాలి. మీ బోణీ మాదే." బిందె తెచ్చి ఇసుక మూట పక్కన పెట్టాడు. సుద్దముక్క కోసం జేబు తడుముకున్నాడు.

హైమవతి నవ్వుతూనే ఉంది. పట్టుచీర, చెవులకు దిద్దులు, మెత్తని ముఖం. ఆమె చూపు చంద్రమ్మ నుదుటి మీద పడింది. నవ్వు చెదరలేదు, కాని చెయ్యి ముందుకు వచ్చి బిందె అంచు పట్టుకుంది. చంద్రమ్మ అప్పటికే బిందె మీద అరచెయ్యి ఆనించింది. ఒక్క క్షణం ఇద్దరి చేతులూ బిందె మీదే ఉన్నాయి, ఒకటి నిండా గాజులతో, ఒకటి బోసిగా. చంద్రమ్మ తన చెయ్యి తీసేసింది.

"ఇవాళ వద్దులెండి," అంది హైమవతి నెమ్మదిగా. "రాహుకాలం వచ్చేసింది."

"రాహుకాలమా? పొద్దున్నే పోయింది కదే, మంత్రిగారికి ముహూర్తం పెట్టింది అది దాటాకే..." అంటూ కృష్ణప్రసాద్ భార్య ముఖం చూశాడు. ఆపేశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏమీ అనుకోకమ్మా," అంది హైమవతి. ఆ గొంతులో దయ ఉంది. నిజంగానే ఉంది. బిందె చంకనెత్తుకుని, చంద్రమ్మ చెయ్యి ఆనిన చోటును కొంగుతో తుడుచుకుంటూ నడిచింది.

కృష్ణప్రసాద్ వెనక్కు తిరిగి చంద్రమ్మ వైపు ఒకసారి చూసి, చూపు దించుకుని భార్య వెనకే వెళ్ళిపోయాడు.

చంద్రమ్మ ఇసుక మూటను అటు తిప్పి ఇటు తిప్పి సర్దింది. బంకు ముందు మూగిన వాళ్ళలోంచి ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. శాలిబండ సావిత్రి. కిందటేడు కూతురి పెళ్ళికి గిన్నెలన్నీ సేటు దగ్గరే కొని, తెర ముందు గంటలకొద్దీ కూర్చుని పేర్లు కొట్టించుకుని పోయింది.

"గుండయ్య ఏడి?" అంది సావిత్రి.

చంద్రమ్మ ఉలిని ఇసుక మూట మీద పెట్టింది.

"నిన్నే అడుగుతున్న. గుండయ్య ఏడి? ఎన్నడు పోయిండు?"

"ఆరేండ్లైంది అక్కా."

"ఆరేండ్లా! అంటె మా బిడ్డ గిన్నెలు కొట్టింది నువ్వా?" సావిత్రి రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. ఆమె గొంతులో మొదట వచ్చింది కోపం కాదు, భయం. "నా బిడ్డకు రెండుసార్లు కడుపు పోయింది. ఎందుకు పోతున్నదా అని గుళ్ళు, దర్గాలు తిరుగుతున్న నేను. ముండమోపి చెయ్యి! శివయ్యా! ఏడున్నవురా? ఆమె మొగడు లోపట ఉన్నడని నీళ్ళు గూడ తాపిచ్చిన గదరా నీ చేతికిచ్చి!"

ఆ నీళ్ళు చంద్రమ్మకు గుర్తున్నాయి. మంచి ఎండలో, తెర కిందుగా ఇత్తడి లోటాలో వచ్చాయి. చల్లగా ఉన్నాయి.

*

సావిత్రి ఒక్కతే కాదు. తరవాతి రోజుల్లో ఒకరొకరే వచ్చారు. బిందె తెచ్చినవాళ్ళు, చెంబు తెచ్చినవాళ్ళు. పేరు గీకేయమన్నారు. కొట్టిన పేరు గీకితే పోదు, గిన్నెను కరగబెట్టాల్సిందే. సేటు ఒక్కమాట అనకుండా పాతవి తీసుకుని కొత్తవి ఇచ్చాడు. గొడవ పెరిగితే దుకాణమే మూయాలి. వాపసు వచ్చిన గిన్నెలు గడప పక్కన కుప్ప పడ్డాయి. బంకులో కూర్చుంటే ఆ కుప్ప ఎదురుగానే కనిపిస్తుంది. కొన్నిటి మీద పేరు ఎండకు మెరుస్తుంది. అన్నీ మంచి పేర్లే, ఒక్క గుంటా గాడి తప్పలేదు.

కొద్దిరోజులకు సేటు కరెంటుతో పేర్లు రాసే మిషను తెప్పించాడు. పెన్నులాగా ఉంటుంది, జుయ్యిమంటుంది. శివయ్యే రాస్తున్నాడు. వయసు మీరిన చెయ్యి, వణుకుతుంది, పేర్లు పురుగు పాకినట్టు వస్తున్నాయి. గిరాకీ ఏమీ అనడం లేదు. శివయ్యకు భార్య ఉంది, పిల్లలున్నారు.

చంద్రమ్మ ఒకరోజు పాత గోనె తెర తెచ్చి బంకు ముందు వేలాడదీసింది. ఎవరైనా తెలియనివాళ్ళు వస్తారేమో, శివయ్య ఒకటో రెండో తెచ్చి ఇస్తాడేమో అని. మధ్యాహ్నానికి ఆఫీసు మనుషులు వచ్చి విప్పేశారు. "తెరలు కట్టొద్దమ్మా, బజారు అందం పోతుంది, రూలు," అన్నారు. గోనె తీసుకుపోయి కాలవ పక్కన పారేశారు. శివయ్య వెళ్ళి తెచ్చి, దుకాణంలో గంగాళాలు గీసుకుపోకుండా మధ్యన పెట్టుకున్నాడు. ఆమెను అడిగే తీసుకున్నాడు.

కృష్ణప్రసాద్ ఆదివారం నాడు వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. బంకు ముందు కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"ఆదివారాలు బయటి ఊళ్ళ నుంచి, ఫారిన్ నుంచి జనం వస్తున్నారమ్మా. వాళ్ళు మీ పని చూడాలనుకుంటారు. ఆఫీసు తరఫున మీకు ఏదో ఒకటి ఇచ్చే ఏర్పాటు చేస్తాను." సంచిలోంచి స్టీలు పళ్ళెం ఒకటి తీశాడు. "దీని మీద కొడుతూ ఉండండి."

"ఎవల పేరు సార్?"

అతను ఆలోచించాడు. "ఎవరిదీ కాదమ్మా. ఊరికే కొడుతూ ఉండండి. చప్పుడు వినపడితే చాలు."

పళ్ళెం ఇచ్చి, ఇంకేదో చెప్పబోయి, "మా ఆవిడ..." అని ఆగిపోయి, వెళ్ళిపోయాడు. పళ్ళెం మీద సుద్దగీత లేదు. చంద్రమ్మ ఉలి ఆనించి ఒక గుంట కొట్టింది. పక్కన ఇంకొకటి. గీత లేనప్పుడు ఉలి ఎటు పోవాలో తెలియడం లేదు. అంచు వెంబడి చుట్టూ కొట్టుకుంటూ వచ్చింది, తరవాత లోపలికి, ఇంకా లోపలికి. కొత్త జనం వచ్చి నిలబడి చూశారు. ఒకావిడ ఫోటో తీసుకుంది. పళ్ళెం నిండిపోయాక వెనక్కి తిప్పి అటువైపు మొదలుపెట్టింది.

అలా కొడుతూ ఉండగా బంకు వెనక పలకల మీద కర్ర తగిలిన చప్పుడైంది.

"అమ్మయ్య, దొరికినవ్ పో!" అని సుందరమ్మ గొంతు. "అరుగు ఏడ పెట్టిన్రు బిడ్డా? గోడలు తడుముకుంట తడుముకుంట మతి పోయింది. ఒక్క మూల గూడ ఉన్నచోట లేదు. నీ సుత్తె చప్పుడు వినకపోతె ఇంటికి పోదును." పలకల సందుకు నోరు ఆనించినట్టుంది, మాట దగ్గరగా వినిపిస్తోంది. "ఖాయమైంది గుండయ్యా, మనుమరాలికి. బిందె కొన్న. దుకాణంల ఏందో జుయ్యిమనే మిషనుతోని రాస్తమన్నరు. నాకద్దు అన్న. గుండయ్య చెయ్యే పడాలె అన్న. ఏమయ్యా, ఉన్నవార?"

చంద్రమ్మ సుత్తె గాలిలోనే ఆగింది. ముందు జనం లేరు. వెనక ముసలామెకు కళ్ళు కనపడవు. పలకల కింద బిందె పట్టేంత సందుంది. రెండు దెబ్బలు కొడితే చాలు. బిందె లోపలికి వస్తుంది, శివయ్య సుద్దతో పేరు గీసిస్తే ఇసుక మూట మీద కూర్చుంటుంది, ఒక పిల్ల పేరు ఒక్కో గుంటగా లేచి వస్తుంది. రేపు ఆ పిల్లకు తలనొప్పి వచ్చినా, కడుపు పోయినా, ఆ బిందె వైపే చూస్తారు. పళ్ళెం వైపు చూసింది. రెండో వైపు కూడా నిండవస్తోంది.

ఒక దెబ్బ కొట్టింది.

పలకల అవతల సుందరమ్మ విరగబడి నవ్వింది. "లేవా? లేకపోతె గీ కొట్టేది నీ దయ్యమా? ముసలోనివైనంక మస్కిరీలు నేర్చినవ్! కాయ తగ్గుతున్నట్టుంది." నవ్వు దగ్గయి, దగ్గు తెమిలేదాకా ఆగి, మామూలుగా ఎప్పుడూ అడిగినట్టే అడిగింది. "చంద్రమ్మ బాగున్నదా?"

చంద్రమ్మ ఉలి వైపు చూసింది. ఉలి మొన అరిగి మొద్దుబారింది. స్టీలు మీద కొట్టీ కొట్టీ అలా అయింది.

ఒక దెబ్బ కొట్టింది.

ఈసారి సుందరమ్మ నవ్వలేదు. "అయ్యో," అంది. కర్ర పలకకు ఆనించిన చప్పుడైంది. "ఏమైంది బిడ్డా?"

దానికి ఒక దెబ్బా జవాబు కాదు, రెండు దెబ్బలూ జవాబు కావు. చంద్రమ్మ సుత్తె పట్టుకుని కూర్చుంది. పలకల అవతల సుందరమ్మ కొత్త బిందెను నేలమీద దించుకుని, దాని పక్కనే చతికిలబడి, చెవి అటే పెట్టింది.